తాడు కొసన ముడి

పోయిన వారం మనం కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో ఆగిపోయాం. ఆదివారం, పొద్దున తొమ్మిదిన్నర. షాపుకి సెలవు. ముందు షట్టరు సగానికి దించి, ఆమె ఒక్కతే లోపల కూర్చుని అద్దాల అంచులు అరగదీస్తోంది. లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త పొద్దున్నే లేచి ఎటో వెళ్ళి అప్పుడే తిరిగొచ్చాడు. ఏడు వారాలుగా ఆయన వేళ్ళ కొసలు ఎందుకు గీరుకుపోతున్నాయో, ఇరవై నాలుగేళ్ళ కిందట ఒట్టేసి వదిలేసిన నిలువుబండని ఈ వయసులో మళ్ళీ ఎక్కుతున్నాడని ఆమెకి తెలిసి వారం కూడా కాలేదు. దాని గురించి గొడవపడి ఇద్దరూ రెండు రోజులు మాట్లాడుకోలేదు. ఇవాళ ఆయన పనిముట్ల సంచి విప్పి, పాత తాడు ముక్కొకటి ఆమె ముందు బల్ల మీద పెట్టాడు.

మూడు బారల పొడవుంటుంది. ఒకప్పుడు నీలం రంగు తాడు. ఇప్పుడు మట్టి రంగుకి వచ్చింది. పై నేత అక్కడక్కడ రేగి నూగులా లేచింది. ఒక కొసన గట్టి ముడి. ముడికి జానెడు దూరంలో ఎర్ర టేపు చుట్టి ఉంది. రెండో కొస మాత్రం కత్తితో ఒక్క వేటుకి కోసినట్టు నున్నగా ఉంది.

ఆమె చేతిలో ఉన్న అద్దాన్ని పక్కన పెట్టింది. తాడుని ముట్టుకోలేదు. ఇరవై నాలుగేళ్ళుగా ఆమె తాడన్నది ముట్టుకోలేదు. ఇంట్లో బట్టల తాడు తెగితే ఆయనే కట్టాలి. అట్టపెట్టెకి పురికొస కట్టాలన్నా ఆయనే.

"ఇది ఎక్కడిది?" అని అడిగింది.

ఆయన స్టూలు లాక్కుని, కుడి మోకాలు చేత్తో పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. ఆ మోకాలు వంగేటప్పుడు కిర్రుమంటుంది. కుర్రతనంలో ఆయన్ని అందరూ బల్లి అనేవారు. ఎంత నున్నటి రాయి మీదైనా అతుక్కుని నిలబడేవాడు. యాభై ఒకటి వచ్చేసరికి బల్లి కాస్తా ఉడుమైందని ఆయనే నవ్విస్తుంటాడు. పొట్ట వచ్చింది. ఎత్తుల మీది ఆశ చావలేదు కాబట్టి లిఫ్టుల పనిలో చేరాడు. ఇరవై అంతస్తుల చీకటి గొయ్యిలో ఇనుప నిచ్చెన పట్టుకుని వేలాడుతూ గ్రీజు పూస్తుంటే, నెలకోసారైనా ప్రాణం లేచొస్తుందని ఆమెతో అనేవాడు. ఆమె కొండలు దిగొచ్చి కళ్ళు పరీక్షించే చదువు చదివింది. నలభై దాటి తన షాపుకొచ్చే ప్రతి ఒక్కరికీ ఆమె ఒకటే మాట చెబుతుంది. ఈ వయసులో దూరంగా ఉన్నవి బాగానే కనిపిస్తాయి, చేతిలో ఉన్నదే మసకబారుతుంది, కంగారు పడకండి అని.

తాడు ఎక్కడిదో ఆయన చెప్పాడు. పొద్దున ఆరింటికి బండ దగ్గరికి వెళ్ళాడు. వెనక దారిన నడుచుకుంటూ పైకెక్కి, కొత్త తాడుని మధ్యకి మడిచి ఇనుప రింగులో దూర్చి, రెండు కొసలూ కిందికి వదిలాడు. మళ్ళీ దిగొచ్చి ఒక కొస నడుం పట్టీకి కట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. రెండో కొస ఊరికే నేల మీద పడుంది. దాన్ని పట్టుకునే మనిషి లేడు.

"కానీ నేను ఒక్కో అడుగూ పైకి పోతుంటే, వదులైన తాడు ఎవరో లాగి బిగిస్తారు. మొదటి వారం నుంచీ అంతే. ఎక్కువా లాగరు, తక్కువా లాగరు. తాడు పట్టడం తెలిసిన చెయ్యి."

కిందటి వారం ఆమె ఈ మాట విని, వయసు మీద పడ్డాక మనిషికి ఇలాంటివి తోస్తాయని, డాక్టరు దగ్గరికి పోదామని అంది. ఇవాళ ఆ మాట అనలేదు. కిందికి చూశావా అని మాత్రం అడిగింది.

"చూడలేదు. చూస్తే లేడేమోనని."

ఎవరు లేడేమోనని అన్నాడో ఆమెకి చెప్పక్కర్లేదు. చదువరులలో ఈ వారమే కొత్తగా చేరినవాళ్ళ కోసం మనం చెప్పుకోవాలి. ఆ రోజుల్లో కొండలెక్కే జట్టులో నలుగురు ఉండేవారు. బల్లి, బల్లి తమ్ముడు, కొత్తగా ఆ ఇంటి కోడలైన ఈమె, వీళ్ళ ముగ్గురికీ స్కూల్లో డ్రిల్లు నేర్పి, తర్వాత కొండలెక్కడం కూడా నేర్పిన మాస్టారు. తమ్ముడిది తేలికైన ఒళ్ళు. ఉడుత అనేవారు. వదినా అని పిలుస్తూ ఆమె చుట్టూ తిరిగేవాడు. ఇరవై నాలుగో ఏట నిలువుబండ మీంచి పడి పోయాడు. ఆ క్షణాన తాడు ఆమె చేతిలో ఉంది. బండ అంచుకి ఒరుసుకుని తాడు తెగిందని మాస్టారు ఊరందరికీ చెప్పారు. ఆమె అత్తగారు పోయిన కొడుకు ఫోటోలన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవిని ఏం చేసిందో ఎవరికీ చెప్పకుండానే పోయింది. ఈ ఇంట్లో పుట్టి పెరిగిన అమ్మాయికి ఇరవై మూడేళ్ళొచ్చినా బాబాయి మొహం ఎలా ఉంటుందో తెలియదు.

ఆయన చెప్పుకుపోతున్నాడు. దిగొచ్చాక చూస్తే, నేల మీదుండే కొసకి ప్రతిసారీ ముడి వేసి ఉంటోందట. ఆయన వేసింది కాదు. మొదట్లో తనే వేసి మరిచిపోయానేమో అనుకున్నాడు. తర్వాత కావాలనే విప్పి వదిలాడు. ఎక్కి దిగేలోపు మళ్ళీ ముడి. ఇవాళ ముడితో పాటు ఇంకోటి ఉంది. కొత్త తాడు కొసకి ఈ పాత ముక్క కట్టి ఉంది. ముక్క విప్పుకుని, కొత్త తాడు బండ మీదే వదిలేసి వచ్చేశాడు.

"ఏడు వారాలుగా వాడు నాకు ఒక్కటే చూపిస్తున్నాడు. కొసన ముడి. ఎందుకు చూపిస్తున్నాడో నాకు తెలీదు. నీకు తెలుసు." ఆయన గొంతు పెంచలేదు. "నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. కిందటి వారం ముడి మాట చెప్పగానే నీ చేతిలో గ్లాసు వణికింది."

అరగదీసే యంత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. ఆమె లేచి స్విచ్చి కట్టేసింది. ఆ చప్పుడు ఆగాక గది మరీ ఇరుకైనట్టనిపించింది. గోడ మీద కంటిపరీక్ష అక్షరాలు, పైన పెద్దవి, కిందికి పోయేకొద్దీ చిన్నవి. ఆ చివరి వరస మీద చూపు నిలిపి ఆమె మాట్లాడింది. మనుషుల్లో ఉన్నప్పుడు భర్తని మీరు అంటుంది. ఇద్దరే ఉన్నప్పుడు, తాళ్ళు పట్టుకున్న రోజుల నాటి అలవాటుగా, నువ్వు.

"తాడు తెగలేదు," అంది. "చాల్లేదు."

ఆయన తల తిప్పి ఆమె వైపు చూశాడు.

"నేను దించుతున్నా. బాగానే దిగుతున్నాడు. నవ్వుతున్నాడు కూడా. వదినా, ఆకలేస్తోంది, తొందరగా దించు అన్నాడు. నేను వాణ్ణే చూస్తున్నా, నా చేతివైపు చూడలేదు. ఒక్కసారిగా చెయ్యి ఖాళీ అయిపోయింది. కొస జారిపోయింది. కొసకి ముడి లేదు."

కొండలెక్కినవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఆ రోజు ఉడుత తాడు కొస నడుముకి కట్టుకుని, దాన్ని వెంట లాక్కుంటూ పైకెక్కాడు. పైన రింగులో దూర్చాక కిందివాళ్ళు దించాలి. పోవడానికొక పొడవు, రావడానికొక పొడవు కావాలి. వాళ్ళ తాడు సరిగ్గా సరిపోయేది. పొరపాటున చాలకపోయినా ప్రమాదం లేకుండా కిందివాళ్ళ కొసన ఎప్పుడూ ముడి వేసి ఉంచేవారు. ముడి ఉంటే తాడు పట్టుకున్న మనిషి నడుం దగ్గరి ఇనుప బిళ్ళలో ఇరుక్కుని ఆగిపోతుంది. లేకపోతే కొస సర్రున జారిపోతుంది. ఉడుత పడింది మూడు నిలువుల ఎత్తు నుంచి. అంతే. కింద మట్టినేలైతే కాలో చెయ్యో విరిగేది. కింద రాళ్ళున్నాయి.

"ముడి వేసేది నేను," అన్నాడాయన.

"అవును. నువ్వే."

ఆ రోజు ఉడుతని దించుతున్నప్పుడు ఆయన నీళ్ళు తేవడానికి కారు దాకా వెళ్ళాడు. కేక విని పరిగెత్తుకుంటూ వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ కొద్దిసేపట్లోనే మాస్టారు ఆమె భుజం పట్టుకుని చెప్పారు. మీ ఆయన ముడి వెయ్యడం మరిచిపోయాడమ్మా, ఈ సంగతి తెలిస్తే వాడు బతకడు, నీ కడుపులో బిడ్డ ఉంది, ఆలోచించుకో, తాడు తెగిందనే చెబుదాం అని. ఆమెకి అప్పుడు రెండో నెల. ఆ మాట మాస్టారికి తను ఎప్పుడు చెప్పిందో కూడా ఆమెకి గుర్తు లేదు. అంతా అంచనా వేసినట్టు, అప్పగింతలు పెట్టినట్టు చెప్పారాయన. ఆమె తలూపింది. అప్పట్నుంచి ఆ మాటని కడుపులోనే దాచుకుంది. అమ్మాయి కడుపులోంచి బయటికొచ్చింది గానీ అది రాలేదు.

"నువ్వు తమ్ముణ్ణి చంపానని అనుకోకూడదని," అంది. "ఎన్నో రాత్రులు నువ్వు నిద్రపోతుంటే చూసి, ఈయన కనీసం నిద్రపోతున్నాడు కదా అనుకునేదాన్ని."

ఆయన ఏడుస్తాడనుకుంది. లేచి వెళ్ళిపోతాడనుకుంది. తనని ఏమన్నా పడతానని కూడా అనుకుంది. ఆయన మాత్రం తాడు ముక్కని దగ్గరికి జరుపుకుని, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, ఆ ముడినే చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. ఆ కళ్ళజోడు ఆమె చేసిచ్చిందే. దాంతో రాయి మీద కాలుపెట్టే చోటు అలల్లో ఊగినట్టు కనిపిస్తోందని రెండుసార్లు మార్పించుకున్నాడు. అసలు కారణం మాత్రం అప్పుడు ఆమెకి చెప్పలేదు.

"ఇలా చూడు," అన్నాడు చివరికి.

ఆమె వంగి చూసింది.

"ఈ ముడి ఎవరిది?"

రెండు చుట్లు తిప్పి, కొసని మళ్ళీ వెనక్కి దూర్చి, పళ్ళతో లాగి బిగించిన ముడి. ఇంట్లో బట్టల తాడుకి ఉన్నది అదే. అటక మీద పెట్టెలకి ఉన్నది అదే. అమ్మాయి చిన్నప్పటి ఉయ్యాలకి ఉన్నది అదే. ఆ ముడి విప్పలేక ఆమె ఎన్నోసార్లు కత్తెర తీసుకుంది.

"నీది."

"ఎర్ర టేపు?"

ఆ రోజుల్లో తాడులో ఏది ఏ కొసో తెలియడానికి కిందివాళ్ళ కొసకి ఆయన ఎర్ర టేపు చుట్టేవాడు. ఉడుత పడటానికి ముందు రోజు సాయంత్రం, వరండాలో కూర్చుని, టేపు చుట్టి, ముడి వేసి, తాడు సంచిలో పెట్టాడు. ఆమె పక్కనే ఉంది. ఇదంతా ఆమెకి తెలుసు. తెలిసి కూడా, మాస్టారు మరిచిపోయాడని చెప్పగానే, తను చూసింది ఇంకేదో రోజుదనుకుంది.

"నీ చేతిలోంచి జారిపోయిన కొసకి టేపు ఉందా?"

ఆమె కళ్ళు మూసుకుంది. ఇరవై నాలుగేళ్ళుగా ఏ క్షణం నుంచి పారిపోతూ వచ్చిందో అందులోకే మళ్ళీ వెళ్ళింది. చెయ్యి ఖాళీ అయింది. కొస గాల్లోకి లేచింది. ఎండలో తెల్లగా మెరిసింది. లోపలి పోగులు దీపపు వత్తిలా బయటికొచ్చి ఉన్నాయి.

"లేదు," అంది. "టేపు లేదు. ఎవరో కోసినట్టుంది. అప్పుడే కోసినట్టు."

ఆయన ముక్కని తిప్పి రెండో కొస చూపించాడు. నున్నగా ఉంది.

ఇద్దరిలో ఎవరూ వెంటనే ఆ పేరు ఎత్తలేదు. జట్టులో కత్తి ఉండేది ఒక్కరి దగ్గరే. పొద్దున తాడుని బారలు బారలుగా లాగి చేత్తో తడిమి చూసేది ఒక్కరే. నేత రేగిన చోట ఇక పనికిరాదని కోసి పారేసే అధికారం ఆ ఒక్కరికే ఉండేది. మంచికే కోసి ఉంటారు. కోసి, కొత్త ముడి వెయ్యబోతుంటే ఎవరో పిలిచి ఉంటారు. పిలిచింది తనేనేమో. నడుం పట్టీ బిగుతుగా ఉంది, చూడండి మాస్టారూ అని ఆ రోజు ఆమె పిలిచిన మాట నిజం. ఇంతదాకా ఆమెకి కోపం రాలేదు. మరుపు ఎవరికైనా వస్తుంది. కానీ ఉడుత ఇంకా రాళ్ళ మధ్య పడి ఉండగానే, తన మరుపు తీసుకెళ్ళి ఇంకొకడి మెడకి కట్టి, ఆ కొస కడుపుతో ఉన్న పిల్ల చేతికిచ్చారు చూడు, అక్కడ ఆమెకి ఒళ్ళు మండింది. షాపు పెట్టినప్పట్నుంచీ ఆ మనిషికి కళ్ళజోళ్ళు చేసిచ్చింది. చక్కెర జబ్బుకి ఆయన చూపు తగ్గుతుంటే ఆరు నెలలకోసారి తనే ఇంటికెళ్ళి పరీక్ష చేసింది. కుండీల్లో మొక్కలు పెంచుకుంటూ, పొద్దున్నే పార్కులో అడుగులు లెక్కపెట్టుకుంటూ ఆయన శాంతిగా ముసలివాడయ్యాడు. వీళ్ళిద్దరూ అలా కాలేకపోయారు.

"ముడి నేను వేశాను," అన్నాడు భర్త. ఎవరితోనూ కాదు. చెప్పుకున్నాడంతే. తర్వాత మోచేతులు బల్లకానించి మొహం దాచుకున్నాడు. భుజాలు కదిలాయి. ఇరవై నాలుగేళ్ళలో తమ్ముడి కోసం ఆయన ఏడవడం ఆమె చూడటం అదే మొదలు. ఆమె చెయ్యి చాపి, ఆయన తల మీద పెట్టబోయి, మధ్యలో ఉన్న తాడు ముక్కకి తగిలి, తీసేయకుండా దాని మీదే ఉంచింది.

అప్పుడు ఆమె ఫోను మోగింది. అమ్మాయి.

అమ్మాయి ఊళ్ళో పాత గోడౌనులో కట్టిన రంగురంగుల గోడ మీద రెండేళ్ళుగా ఎక్కడం నేర్చుకుంటోంది. తల్లికి ఇష్టం లేదు, తండ్రి అడ్డుపడలేదు. అసలు రాయి మీద ఎక్కించమని నెల్లాళ్ళుగా తండ్రి ప్రాణం తీస్తోంది. ఇప్పుడు ఫోనులో గాలి హోరు మధ్య గబగబా చెప్పింది. పొద్దున మాస్టారు ఇంటికి ఫోను చేశారట. నాన్న లేడు, ఎక్కడికెళ్ళాడో తెలీదంటే, నిలువుబండకే వెళ్ళి ఉంటాడు, నేను అటే పోవాలి, నాకు చూపు ఆనదు, నా కారు నువ్వు నడుపు అని వెంటపెట్టుకొచ్చారట. ఇక్కడికొస్తే నాన్న లేడు గానీ నాన్న తాడు వేలాడుతోందట.

"ఎక్కుతున్నానమ్మా. తాడు పట్టుకోడానికి మనిషి ఉన్నాడు. నువ్వు కంగారు పడకు."

"ఎక్కద్దు. మేం వస్తున్నాం, ఆగు."

గాలి హోరు తప్ప ఇంకేం వినపడలేదు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

ఊరు దాటి రాతి క్వారీ మీదుగా బండకి అరగంట దారి. ఆయన పద్దెనిమిది నిమిషాల్లో తీసుకెళ్ళాడు. దారిలో ఆమె ఒక్క మాటే అడిగింది. మాస్టారికి ఈ ముక్క సంగతి తెలుసా అని. తెలీదన్నాడు. కానీ మళ్ళీ ఎక్కుతున్నట్టు పోయిన ఆదివారం ఆయనకి చెప్పానని, చెప్పగానే ఆయన చేతిలో నీళ్ళ మగ్గు కింద పెట్టి, బండ కింద రాళ్ళ సందుల్లోకి పోవద్దు, పాములుంటాయి అన్నారని చెప్పాడు.

బండ కిందికి కార్లు పోవు. రెండు వందల అడుగుల దూరంలో దారి ఆగిపోతుంది. మాస్టారి పాత తెల్ల కారు అక్కడుంది. దాని పక్కన, తలుపు పట్టుకుని మాస్టారు నిలబడి ఉన్నారు. ఆయన రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి.

ఆమె తలెత్తి చూసింది. ఎండ పడి బండ మెరుస్తోంది. మూడొంతులు పైన, పచ్చ చొక్కా. అమ్మాయి కుడికాలు పైకి చాపి, రాయి తడిమి, బరువు దాని మీదికి మార్చింది. వెంటనే వదులైన తాడు మెత్తగా బిగిసింది. పైన రింగులోంచి రెండో పాయ నిటారుగా కిందికొచ్చి, అడుగున ఉన్న పెద్ద రాతిగుండు వెనక్కి పోయింది.

"ఎవరు పట్టుకున్నారు?" అని అడిగింది ఆమె.

"నేను కాదమ్మా," అన్నారు మాస్టారు. గొంతు పీలగా ఉంది. "నేను అక్కడికి పోలేదు. పోబోతే కాళ్ళు రాలేదు. అమ్మాయి తనంతట తనే వెళ్ళింది. అక్కడ ఎవరితోనో మాట్లాడింది. నవ్వింది కూడా. నాకైతే ఎవరూ కనపడలేదు. నా కళ్ళ సంగతి నీకు తెలుసు కదా."

ఆమె భర్త సంచిలోంచి తాడు ముక్క తీసి ఆయనకి కనిపించేలా పట్టుకున్నాడు. దాన్ని పోల్చుకోడానికి మాస్టారికి మంచి చూపు అక్కర్లేకపోయింది. కళ్ళు మూసుకుని, కారు సీట్లోకి ఒరిగిపోయారు.

ఆమె ఇవన్నీ చూడటానికి ఆగలేదు. యాభై ఏళ్ళ మనిషి, చెప్పులు అక్కడే వదిలేసి రాళ్ళ మీద పరిగెత్తింది. ఏ రాయి మీద కాలు పెడుతోందో ఆమెకి తెలియదు, పాదాలకి తెలుసు. గుండు చుట్టూ తిరిగి వెనక్కి వచ్చింది.

అక్కడ ఎవరూ లేరు.

పైనుంచి వచ్చిన తాడు మనిషి నడుం ఎత్తుకి దిగి, అక్కడ వంగి, కొంచెం పక్కకి తిరిగి, మిగతాది చక్కగా చుట్టలుగా నేల మీద పడి ఉంది. చుట్టల చివర కొసన ముడి. తాడు వంగిన చోట దాన్ని ఆపడానికి ఏమీ లేదు. అయినా అది ఆగింది. చుట్టూ పిట్ట కూడా అరవడం లేదు. అంత ఎండలోనూ ఆ కాస్త మేర చల్లగా, బావి గట్టు మీద నిలబడినట్టుంది.

ఆమెకి వెనక్కి అడుగేద్దామనిపించింది. పైనుంచి చిన్న రాళ్ళు రాలాయి. అమ్మాయి కాలు జారింది. తాడు గట్టిగా బిగిసి, కిర్రుమని, ఆగింది. ఆ పట్టు చూడగానే ఆమెకి భయం పోయింది. తన బిడ్డని పట్టుకున్న చెయ్యి ఎవరిదైతేనేం అనిపించింది.

రెండు చేతులూ చాపి తాడు పట్టుకుంది. నడుం చుట్టూ తిప్పి, కుడిచేతికి మెలి వేసి, కాళ్ళు ఎడంగా పెట్టి రాతికి తన్నిపెట్టింది. చేతులు ఏదీ మరిచిపోలేదు.

"పట్టుకున్నాను," అంది. తాడు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారేటప్పుడు వాళ్ళ జట్టులో అనే మాట అది. అది విన్నాకే ముందువాళ్ళు వదలాలి.

బరువు ఒక్కసారిగా పడలేదు. కొంచెం, ఇంకొంచెం, ఆమె ఓపిక చూసి చూసి అప్పగించినట్టు వచ్చింది. అమ్మాయి బరువంతా నడుం మీదికి వచ్చాక, చేతి పక్కన ఉన్న చల్లదనం తొలిగిపోయింది. ఎండ చుర్రుమంది.

కుంటుకుంటూ భర్త వచ్చి పక్కన నిలబడ్డాడు. తాడు తనకివ్వమని అడగలేదు. కొసన ముడిని ఒకసారి లాగి చూసి, చుట్టలు ఒక్కొక్కటే విడదీసి ఆమెకి అందిస్తూ ఉన్నాడు. దించమంటావా అని ఆమె అమ్మాయికి కేకేసింది. పైనుంచి అమ్మాయి, గొంతు గుర్తుపట్టి, ఆశ్చర్యంగా, అమ్మా నువ్వా అంది. ఆమె దించింది. చేతులు మండాయి. అమ్మాయిని చూడలేదు. ఈసారి తన చేతుల్నే చూసుకుంటూ జానెడు జానెడు వదిలింది. మూడు నిలువుల ఎత్తు మిగిలినప్పుడు ఒక్క క్షణం ఆగిపోయింది. భర్త ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. మళ్ళీ వదిలింది.

అమ్మాయి పాదాలు నేలకి తగిలాయి.

ఆమె అమ్మాయిని వాటేసుకుంది. అమ్మాయి మొహమంతా సుద్దపొడి, చెమట, సంతోషం. తల్లి తాడు పట్టడం ఏమిటో, తండ్రి కళ్ళు ఎర్రగా ఉండటం ఏమిటో ఆ పిల్లకి అంతుపట్టలేదు. చుట్టూ చూసి, ఆయనేడి అని అడిగింది.

"ఎవరు?" అన్నాడు తండ్రి.

"ఇంతసేపు తాడు పట్టుకున్నతను. నా వయసే ఉంటుంది. సన్నగా ఉన్నాడు. మాస్టారి దగ్గర నేర్చుకున్నాడట, నువ్వు బాగా తెలుసట. పేరడిగితే నవ్వాడు." అమ్మాయి నడుం పట్టీ వదులు చేసుకుంటూ చెప్పింది. "మీ అమ్మొస్తుంది, తాడు తనకిచ్చేసి నేను మాస్టారితో వెళ్ళాలి, చాలా ఏళ్ళుగా ఆయనతో ఒక మాట మిగిలిపోయింది అన్నాడు."

దూరంగా కారు స్టార్టయిన చప్పుడైంది.

ముగ్గురూ గుండు పక్కనుంచి బయటికొచ్చి చూశారు. మాస్టారి తెల్ల కారు దుమ్ము లేపుకుంటూ వెనక్కి తిరిగి, క్వారీ వైపు దిగే దారి పట్టింది. వెనక అద్దంలోంచి రెండు తలలు కనిపిస్తున్నాయి. ఒకటి తెల్లది, పక్క సీట్లోకి వాలి ఉంది. నడిపే సీట్లో ఉన్నది నల్లటి ఒత్తు జుట్టు.

"అదిగో, అతనే," అంది అమ్మాయి. "నడుపుతున్నాడు చూడు."

ఆమె భర్త చేయి పట్టుకుంది. ఆయన చెయ్యి మంచులా ఉంది. మలుపు దగ్గర కారు అటూ ఇటూ ఊగుతూ, ఎక్కడా ఆగకుండా, పల్లంలోకి దిగుతోంది.

"తమ్ముడికి," అన్నాడాయన, "కారు నడపడం రాదు."